పికప్ కొనే ముందు స్క్రూడ్రైవర్

ఎలక్ట్రిక్ గిటారు సౌండు నచ్చకపోతే చాలామంది నేరుగా కొత్త పికప్ మీద పడతారు, అదీ కిలో ఓమ్‌ల లెక్క చూసి. పదహారుంటే ఎనిమిదికి రెట్టింపు బలమని లెక్క! ఆ అంకె తీగ నిరోధం మాత్రమే. సన్నటి తీగ చుట్టినా పెరుగుతుంది, లోపలున్న అయస్కాంతం ఆల్నికోనో సెరామిక్కో చెప్పదు. చుట్లు ఎక్కువైతే మిడ్స్ ఉబ్బుతాయి, పైన ఉండే మెరుపు చస్తుంది. 1972లో డిమార్జియో సూపర్ డిస్టార్షన్ వచ్చినప్పుడు ట్యూబ్ ఆంప్‌ని గట్టిగా తన్నే పికప్ అవసరమే. ఇప్పుడా పని పెడల్ చేస్తుంది. అందుకే నా ఓటు 1950ల నాటి గిబ్సన్ పీఏఎఫ్ తరహా మెతక హంబకర్‌కే: వాల్యూమ్ నాబ్ కాస్త తగ్గించగానే సౌండు తేటపడుతుంది. (మెటల్ కుర్రాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు.) అయినా పర్సు తీసేలోపు పికప్ అంచు స్క్రూలు తిప్పి చూడండి. బాస్ తీగల వైపు ఒక మిల్లీమీటరు దించితే నెక్ పికప్‌లో ముద్దముద్దగా వినిపించేది విడివిడిగా వినిపిస్తుంది. స్ట్రాటోకాస్టర్‌లో మరీ పైకెత్తితే అయస్కాంతం తీగను లాగి శ్రుతినే చెడగొడుతుంది. కొత్త హంబకర్ పెట్టాక కూడా మొద్దుగానే ఉంటే, వాల్యూమ్ నాబ్ కింది పాట్ (పొటెన్షియోమీటర్) 250 కిలో ఓమ్‌లదేమో చూసి 500ది వేయించండి. పికప్ ధరతో పోలిస్తే దాని ఖర్చు చిల్లరే.