తాళం చెవి ఎవరి దగ్గర?

తెలుగు పాఠం చెప్పేవాడికి కంప్యూటరు గొడవ ఎందుకని కొందరు విద్యార్థులు నవ్వుకోవచ్చు. ఏ భాషలో ప్రోగ్రాములు వ్రాయడం మేలు, ఏ పరికరం సులువు అన్న చర్చలు మన కళాశాల వరండాలో నిత్యం నా చెవిని పడుతూనే ఉంటాయి. ఆ వాదంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. అయితే ఆ చర్చలలో నేనెన్నడూ వినని ప్రశ్న ఒకటి ఉన్నది. డబ్బిచ్చి కొన్న పుస్తకం, స్వయంగా వ్రాసుకున్న వ్రాత మన అధీనంలో ఉన్నట్టా, మరొకరి దయమీద ఉన్నట్టా?

నిరుడు ఒక విమర్శ గ్రంథాన్ని ఫోనులో చదువుకునేందుకు కొన్నాను. ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు దానిని నాలుగు రోజులు ఇమ్మని అడిగాడు. ఇవ్వలేకపోయాను. ఫోనే తీసి అతని చేతిలో పెట్టడం తప్ప వేరు మార్గం లేదు. ఎమ్.ఏ. చదివే రోజులలో గురువుల ఇండ్లనుండి, మిత్రుల గదులనుండి అరువు తెచ్చుకున్న పుస్తకాలతోనే నా చదువు సగం సాగింది. ఆ ఋణం తీర్చుకునే దారి కూడా లేకపోయిందే అని ఆనాడు బాధ కలిగింది.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవడం మంచిది. అమ్మకందారు పుస్తకాన్ని గుప్తలిపిలోకి మార్చి పంపుతాడు. దానిని విప్పే మీట మనకు ఇవ్వడు. తన ప్రోగ్రాములో దాచి ఉంచుతాడు. పుస్తకం తెరవబోయినప్పుడు ఈ ఖాతా ఎవరిది, ఈ పరికరానికి అనుమతి ఉన్నదా అని ఆ ప్రోగ్రాము విచారించి, సమ్మతమైతేనే పుట చూపుతుంది. దీనికే డిజిటల్ హక్కుల నిర్వహణ అని గంభీరమైన పేరు. ఎవరి హక్కులన్నది పేరులో చెప్పలేదు! గుప్తలిపి పుట్టింది ఉత్తరం వ్రాసినవాడికీ అందుకున్నవాడికీ మధ్య మూడోవాడు చొరబడకుండా చూడటానికి. ఇక్కడ ఉత్తరం అందుకున్న పాఠకుడే ఆ మూడోవాడు కూడా. అతనికి పుట చూపక తప్పదు, అతనిని నమ్మనూ కూడదు. ఇటువంటి తాళాలు తరచు విరిగిపోవడానికి కారణం ఇదే.

తాళం చెవి పరుల దగ్గర ఉంటే ఏమవుతుందో 2009 జూలైలో అమెరికాలో తేటతెల్లమైంది. హక్కు లేని సంస్థ ఒకటి జార్జ్ ఆర్వెల్ నవలలను అమ్మకానికి పెట్టిందని తెలిసి, అమెజాన్ వాటిని పాఠకుల కిండిల్ పరికరాలలోనుండి దూరాననే తుడిచివేసింది. సొమ్ము తిరిగి ఇచ్చిందన్నది నిజమే. కాని అర్ధరాత్రి మన అలమార తెరిచి పుస్తకం తీసుకుపోయి, ఆ స్థానంలో దాని వెల పెట్టి వెళ్ళే దుకాణదారుని మనం సహిస్తామా? ఆ నవలలలో ఒకటి ‘1984’. పాత పత్రాలను మాయం చేసే ప్రభుత్వం కథ అది! ఒక విద్యార్థి పాఠంకోసం వ్రాసుకున్న టిప్పణులు అక్కరకు రాకుండా పోగా అతడు న్యాయస్థానానికి వెళ్ళాడు. సంస్థ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పదేళ్ళ తర్వాత, 2019లో, మైక్రోసాఫ్ట్ తన పుస్తక విక్రయశాలను మూసివేసినప్పుడు కొన్నవారి పుస్తకాలన్నీ దానితోపాటే పోయాయి. అప్పుడూ సొమ్ము ముట్టింది, పుస్తకం మిగలలేదు.

రచయితలు బ్రతకవద్దా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. వేయి ప్రతులు అచ్చువేసి అమ్ముకోలేక అవస్థపడే తెలుగు రచయిత పుస్తకాన్ని ఫోటోలు తీసి పదిమందికి పంచడం నా దృష్టిలో చౌర్యమే. ఆ పని చేసేవారిని నేను సమర్థించను. కాని తాళం ఆపుతున్నది దొంగనేనా? దొంగకు దొరికే ప్రతికి తాళమే ఉండదు. చిక్కులన్నీ వెల ఇచ్చినవాడికే. ఆపిల్ సంస్థ 2009లో తన దుకాణంలోని పాటలకు తాళాలు తీసివేసింది. అందువల్ల పాటల వ్యాపారం కూలిపోలేదు.

మన చట్టం ఈ విషయంలో కొంత వివేకం చూపింది. 1998నాటి అమెరికా చట్టం, కొన్ని మినహాయింపులు తప్ప, తాళం విప్పడాన్నే నేరంగా భావించింది. మన కాపీరైటు చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షను మాత్రం హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో విప్పితేనే శిక్షార్హమన్నది. శిక్ష రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. చట్టం నిషేధించని పనికోసం విప్పవచ్చు. అయితే మీట ఇచ్చి తీరాలని అమ్మకందారును ఆ సెక్షను ఆదేశించలేదు. అనుమతి ఉన్నది, ఉపాయం లేదు.

దీనికి ఎదురుగా మరొక సంప్రదాయం ఉన్నది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించారు. 1989లో వెలువడిన ఆయన లైసెన్సు ప్రకారం ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. అయితే పంచేటప్పుడు తర్వాతివారికీ అదే స్వేచ్ఛ ఇవ్వాలి. ఇది చదివినప్పుడు నాకు మన వక్ఫ్ గుర్తుకు వచ్చింది. ఒకసారి అంకితం చేసిన బావిని తిరిగి సొంతం చేసుకోరాదన్న నియమం వంటిదే గదా ఇది. (పోలిక పూర్తిగా అతకదు; ఇక్కడ ముతవల్లీ లేడు. ఒకందుకు అదీ మంచిదే!) విద్యార్థులు పైసా చెల్లించకుండా నేర్చుకునే పైథాన్ లైసెన్సు వేరైనా, లోపల ఏమున్నదో చదువుకునే స్వేచ్ఛ అక్కడా ఉన్నది.

ఇక మన ఇంటి సంగతి. ఈ సంచిక సంపాదకవర్గం కోరగా, పాత సంచికల ఫైళ్ళను కళాశాల కంప్యూటరులో వెదికాను. ఉర్దూ పుటలు కూర్చిన ప్రోగ్రాము డాంగిల్ గుచ్చితే గాని పనిచేయదు. ఆ డాంగిల్ ఏనాడో పాడైంది. నస్తాలిఖ్‌ను యంత్రానికి అలవాటు చేయడానికి మీర్జా అహ్మద్ జమీల్ వేలాది పదరూపాలను చేతితో వ్రాశారు. 1981లో నూరీ నస్తాలిఖ్ వెలుగు చూసింది. అంతటి శ్రమతో యంత్రమెక్కిన లిపి మన గదిలో ఒక ప్లాస్టిక్ ముక్క కోసం మూగదై కూర్చున్నది. తెలుగు పుటల గతీ అంతే. వాటికి ఎవరూ తాళం వేయలేదు గాని, ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీదనే తెలుగు అక్షరాల తునకలను అతికించిన పాత ఫాంటు అది. ఆ ఫాంటు లేని చోట మన విద్యార్థుల కవితలు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనిపిస్తున్నాయి. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది. వాడుకోకపోవడం మన తప్పు.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే సంచిక రెండు భాషలలోనూ యూనికోడ్‌లోనే కూర్చాలని ముద్రాపకునితో ముందే వ్రాయించుకోవాలి. గ్రంథాలయానికి ఎలక్ట్రానిక్ పుస్తకాలు కొనేటప్పుడు, విక్రేత తన వ్యాపారం మూసివేస్తే ఆ పుస్తకాలు మనకు మిగులుతాయా అని అడిగి, జవాబు కాగితంమీద తీసుకోవాలి. పాత సంచికల అచ్చు ప్రతులు బీరువాలో ఉన్నంతమేర క్షేమంగానే ఉన్నాయి. వేసవి సెలవులలో పదిమంది విద్యార్థులు ముందుకు వస్తే వాటిలోని తెలుగు పుటలను తిరిగి టైపు చేయించి దిద్దే బాధ్యత నేను తీసుకుంటాను. ఉర్దూ పుటలను చూచేందుకు ఉర్దూ శాఖలోని నా సహోద్యోగి అంగీకరించారు. పేర్లు ఇవ్వదలచినవారు పరీక్షలు ముగిసేలోగా తెలుగు శాఖలో ఇవ్వవచ్చు.