విడి ఇటుకల బేరం



మా కీసరలో ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు ఈ నెల నన్నొక ప్రశ్న అడిగాడు. "సార్, ఆట ఇటుకలను గ్లాసు లెక్కన విడిగా అమ్మే దుకాణాలున్నాయి కదా. ఒక గ్లాసు కొని, రంగులవారీగా ఏరి, ఒక్కొక్క ఇటుకను స్నేహితులకు కాస్త ఎక్కువ ధరకు అమ్మితే తప్పా?"

వాళ్ళ నాన్న "ముమ్మాటికీ తప్పే" అన్నాడట. మేనమామ "వ్యాపారమంటే అదేరా" అన్నాడట. ఇద్దరి మాటలోనూ కొంత నిజమున్నది. ఆ నిజం ఎంతో మనము విడదీసి చూద్దాము.

ముందు వస్తువు సంగతి. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊరున్నది. అక్కడ ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. లెగో కంపెనీ పుట్టుక అదే. తరువాత ప్లాస్టిక్ ఇటుకలు వచ్చాయి గాని, అవి లోపల డొల్లగా ఉండి గట్టిగా పట్టుకొనేవి కావు. ఇటుక లోపల గొట్టాలు పెడితే కింది ఇటుక బుడిపెలను అవి బిగించి పట్టుకొంటాయని కనిపెట్టారు. దీని పేటెంటు కోసం ఓలె కుమారుడు 1958 జనవరి 28న దరఖాస్తు పెట్టాడు. ఎనిమిది బుడిపెల ఇటుకలు, ఒకే రంగువి, రెండుంటే 24 విధాలుగా కలపవచ్చును. ఆరుంటే 91,51,03,765 విధాలు! పెట్టెలో వచ్చిన ఇటుకలు చాలక, విడి ఇటుకల కోసం పిల్లలు వెతకడానికి కారణం ఇదే.

ఇక లెక్క. గ్లాసు ధర 900 రూపాయలు అనుకొందాము. ఇటుకలను వదులుగా పోస్తే 90 పడతాయనుకోండి. అప్పుడు ఒక్కొక్కటి 10 రూపాయలు. అవే ఇటుకలను ఒకదానికొకటి తగిలించి సందులు లేకుండా పేర్చితే 120 పట్టాయనుకోండి. అప్పుడు ఒక్కొక్కటి 7 రూపాయల 50 పైసలే. గ్లాసు మారలేదు, సందుల్లోని గాలి తగ్గింది. అంతే. ఈ కిటుకు మీ అమ్మమ్మలకు, నాయనమ్మలకు బాగా తెలుసు. పూర్వం వడ్లు, బియ్యం సోలతోను, మానికతోను కొలిచేవారు. వదులుగా పోస్తే తక్కువ, కుదిపి పోస్తే ఎక్కువ! మన దేశంలో 1958 అక్టోబరు నుండి కిలోగ్రాముల తూకం రావడంతో ఇటువంటి తగువులు క్రమంగా తగ్గాయి.

ఆ 120 ఇటుకలను పదేసి రూపాయలకు అమ్మితే 1,200 వస్తుంది. లాభం 300. అబ్బో, అనకండి! నగరానికి రానుపోను చార్జీలు 80, కాగితపు సంచులకు 20 పోయాయి. పది ఇటుకలు అమ్ముడుపోలేదు, అక్కడ 100 తగ్గింది. చేతిలో మిగిలింది 100 రూపాయలు. కొనడానికి, ఏరడానికి, లెక్క పెట్టడానికి ఐదు గంటలు పట్టిందనుకొంటే గంటకు 20 రూపాయల కూలి పడింది. కనుక లాభమంటే ఊరికే వచ్చిన సొమ్ము కాదు. మేనమామ మాటలోని నిజం ఇది.

చట్టం ఏమంటుంది? 1930 నాటి సరకుల విక్రయ చట్టం ప్రకారం, ధర చెల్లించి తెచ్చుకొన్న సరకుకు కొన్నవాడే యజమాని. తన సరకును తిరిగి అమ్ముకోవచ్చును. అయితే మూసి ఉన్న పెట్టెను కొట్టువాడు దాని మీద ముద్రించిన గరిష్ఠ ధరకు మించి అమ్మకూడదు. ఒక మనిషికి ఇన్ని గ్లాసులే అని దుకాణంవారు ముందే చెబితే ఆ మాట పాటించాలి. 18 ఏళ్ళు నిండనివారు ఒప్పందాలు చేసుకొనడానికి 1872 నాటి చట్టం ఒప్పుకోదు. కనుక ఈ పని అమ్మానాన్నలకు చెప్పి, వారి ఎదుట చేయవలసినదే.

మరి నాన్న మాటలోని నిజం ఏది? పెట్టెలో ఉన్నప్పుడు ఇటుకకు చుట్టూ మాటలున్నాయి. ఎవరు చేశారు, ధర ఎంత, ఎన్నేళ్ళ పిల్లలకు, అన్నీ అట్ట మీద అచ్చయి ఉంటాయి. 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలని మన దేశంలో 2021 జనవరి 1 నుండి నియమం వచ్చింది. ఇటుక విడిపోయి మీ జేబులోకి వచ్చిందంటే ఆ మాటలన్నీ ఊడిపోయాయి. ఇప్పుడు ఆ మాటలు అమ్మేవాడి నోటి నుండి రావాలి.

మన కీసరగుట్ట మీద తవ్వకాలలో విష్ణుకుండినుల కాలం నాటి ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఇటుక మీద చీటీ ఉండదు. పురావస్తు శాస్త్రజ్ఞులు పొడవు, వెడల్పు, మందం కొలిచి దాని కాలాన్ని ఊహించడానికి ప్రయత్నిస్తారు. మీ దగ్గర ఇటుక కొనే నాలుగో తరగతి పిల్లవాడు అంత శ్రమ పడగలడా?

కనుక నాలుగు సంగతులు వాడు అడగకముందే చెప్పండి. ఒకటి, ఇది ఏ కంపెనీది. పాత పేటెంటు గడువు తీరిపోయినందువల్ల అటువంటి ఇటుకలను ఇప్పుడు ఎందరో చేస్తున్నారు. అది తప్పు కాదు. ఒకరి పేరు చెప్పి మరొకరిది అంటగట్టడం తప్పు. రెండు, కొత్తదా, ఆడినదా. మూడు, పగులు గాని, పట్టు వదులు గాని ఉన్నదా. నాలుగు, వాళ్ళ ఇంట్లో మూడేళ్ళలోపు బిడ్డ ఉంటే ఇది అందనీయవద్దని. చిన్న ముక్క గొంతులో అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. నాన్న భయమంతా దీని గురించే కావచ్చును.

పెద్దవాళ్ళు కూడా ఈ వ్యాపారం చేస్తున్నారు. విడి ఇటుకల కోసం బ్రిక్‌లింక్ అనే అంతర్జాల సంత 2000లో మొదలైంది. 2019లో లెగో కంపెనీయే దానిని కొన్నది. అక్కడ ప్రతి ముక్కకూ నంబరు, రంగు పేరు, కొత్తదో పాతదో రాసి ఉంటాయి. ఎనిమిది బుడిపెల ఇటుక నంబరు 3001.

ఇంకొక మాట. స్నేహితుడి బొమ్మ ఇంటికి ఒక్క ఇటుకే తక్కువై, అది మీ దగ్గరే ఉన్నదని తెలిసి, పది రూపాయల దానికి యాభై అడిగితే? చట్టం మిమ్మల్ని పట్టుకోదు. కాని "నువ్వు ఎంతకు కొన్నావు?" అని వాడు అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలరా? చెప్పలేని ధర పెట్టకండి.

ఈ నెల మీకొక పని. ఒక గిన్నెలో ఖాళీ అగ్గిపెట్టెలను ముందు వదులుగా పోయండి, తరువాత పేర్చండి. రెండుసార్లూ ఎన్ని పట్టాయో రాసి, నూటికి ఎంత తేడా వచ్చిందో లెక్క కట్టండి. శివరాత్రికి కీసరగుట్ట జాతరకు వెళ్ళినప్పుడు, బొమ్మల కొట్టువాడు అడగకుండానే ఏమేమి చెబుతున్నాడో, ఏవి చెప్పడం లేదో కూడా గమనించండి.