ఎన్‌కౌంటర్ ఎవరిని కాపాడుతుంది?

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో యువతిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసులో నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారన్న వార్త తెలియగానే జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. అప్పటినుంచి తెలుగునేల మీద ఏ ఆడపిల్ల మీద ఘోరం జరిగినా 'వాళ్లనీ అలాగే కాల్చెయ్యాలి' అన్న మాట మొదట వినిపిస్తోంది. ఆ మాట వెనక ఉన్న దుఃఖం నిజమైనది, దాన్ని తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఎన్‌కౌంటర్ ఆడపిల్లల పక్షాన నిలుస్తుందన్న నమ్మకం మాత్రం పూర్తిగా తప్పు. అది కాపాడేది పోలీసు వ్యవస్థను. అదీ, ఆ వ్యవస్థ జనానికి జవాబు చెప్పుకోవాల్సిన ఘడియలో.

నవంబర్ 27 రాత్రి ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలి. కూతురు కనిపించడం లేదని వెళ్లిన కుటుంబాన్ని 'ఇది మా పరిధి కాదు' అంటూ ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారు. ఆ నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. విచారణ జరిగి ఉంటే ఆ గంటల లెక్క కోర్టులో తేలేది. ఆమె మాయమైన టోల్‌ప్లాజా దగ్గర గస్తీ ఏమైంది, ఫిర్యాదు వెంటనే ఎందుకు తీసుకోలేదు అని న్యాయవాదులు అడిగేవాళ్లు. డిసెంబర్ 6 కాల్పులతో ఆ ప్రశ్నలన్నీ సమాధి అయ్యాయి. తప్పు చేసిన శాఖే ఒక్క ఉదయంలో హీరో అయింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నిందితులు ఆయుధాలు లాక్కున్నారని పోలీసులు చెప్పిన కథను నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చి, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ నివేదిక 2022 మేలో బయటికొస్తే, పూలు చల్లిన చేతుల్లో దాన్ని తిరగేసినవి ఎన్ని?

కోర్టులు ఏళ్ల తరబడి సాగదీస్తాయి కదా, అంటారు. ఢిల్లీ నిర్భయ అత్యాచార, హత్య కేసులో ఉరి అమలుకు ఏడేళ్లు దాటింది, నిజమే. కానీ అక్కడ కింది కోర్టు తీర్పు నేరం జరిగిన తొమ్మిది నెలలకే వచ్చింది. ఆలస్యమంతా అప్పీళ్లలో, క్షమాభిక్ష పిటిషన్లలో జరిగింది. ఇంకా దగ్గరి ఉదాహరణ మన కళ్లముందే ఉంది. దిశ ఘటనకు మూడు రోజుల ముందు ఆసిఫాబాద్ జిల్లాలో 'సమత' అని మనం పిలుచుకున్న దళిత మహిళను అత్యాచారం చేసి చంపారు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురు దోషులకూ మరణశిక్ష విధించింది. మరణశిక్ష ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది వేగం. ప్రభుత్వం తలుచుకుంటే సాక్షుల్ని, ఫోరెన్సిక్ నివేదికల్ని, జడ్జిని రెండు నెలల్లో ఒకచోటికి తేగలదని ఆ కేసే రుజువు చేసింది. మనం పోరాడాల్సింది ప్రతి జిల్లాలో అలాంటి కోర్టు కోసం, ఖాళీగా ఉన్న జడ్జీల పోస్టుల భర్తీ కోసం. తుపాకీకి చప్పట్లు కొట్టిన ప్రతిసారీ ఆ పని చెయ్యాల్సిన ప్రభుత్వం మీద ఒత్తిడి తగ్గిపోతుంది.

'మీ ఇంటి ఆడపిల్లకే జరిగితే?' అన్నది అందరి నోరూ మూయించే ప్రశ్న. దానికి జవాబు విజయవాడ దగ్గర ఉంది. 2007 డిసెంబర్‌లో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. పోలీసులు మరుసటి ఏడాది ఒక పేద యువకుణ్ణి పట్టుకుని కేసు ఛేదించామన్నారు. కింది కోర్టు శిక్ష వేసింది. ఆ అమ్మాయి తల్లి మాత్రం అతను హంతకుడు కాడని ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. పట్టుకున్న వారంలోనే అతన్ని ఏ కాలవగట్టునో కాల్చేసి ఉంటే కేసు అక్కడితో ముగిసేది, అసలు హంతకుడు ఎవరని అడిగే తల్లి మాట ఎవరికీ వినిపించేది కాదు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి కావలసింది ఎవరో ఒకరి శవం కాదు. ఆ పని ఎవరు చేశారో సందేహం లేకుండా తెలియడం.

పోలీసులకు ఆత్మరక్షణ హక్కు లేదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఉంది, మనకందరికీ ఉన్నంత ఉంది. ఎవరైనా ఆత్మరక్షణ కోసం మనిషిని చంపానంటే ఆ మాట కోర్టులో తేలాలి. పోలీసు చంపితే మాత్రం మామూలుగా కేసు నమోదయ్యేది చచ్చిపోయినవాడి మీద, అదీ హత్యాయత్నం కింద. పౌరహక్కుల సంఘం వేసిన కేసులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2009 ఫిబ్రవరిలో ఈ తిరకాసును సరిదిద్దింది. ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ కాల్చిన పోలీసుల మీద కేసు పెట్టాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలని చెప్పింది. సుప్రీంకోర్టు వెంటనే ఆ తీర్పును నిలిపివేసింది. 2014లో తానే ఎన్‌కౌంటర్లపై మార్గదర్శకాలు ఇచ్చి స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి చేసినా, ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 7న ఒక్కరోజే శేషాచలంలో ఇరవై మంది కూలీలు, ఆలేరు దగ్గర పోలీసు వ్యానులో ఐదుగురు విచారణ ఖైదీలు కాల్పుల్లో చనిపోయారు. 2009 తీర్పులోని ఆ సూత్రాన్ని చట్టంగా చెయ్యాలి. నిజంగా ప్రాణం కాపాడుకోవడానికే కాల్చిన పోలీసుకు అందులో భయపడాల్సింది ఏమీ లేదు.