బీరువా తాళం తీద్దాం

తెలుగు బోధించే మాకు ఎలక్ట్రానిక్స్‌తో పని యేమని కొందరు అడగవచ్చు. సాహిత్యమైనా, శాస్త్రమైనా విద్యార్థి చేతికి అందనంతవరకు అది విద్య కాదని మా విశ్వాసం. ఆ విశ్వాసమే మా చేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

మేము డిగ్రీ చదివే రోజులలో, ఒక ప్రయోగశాలలో మైక్రోప్రాసెసర్ కిట్లు అద్దాల బీరువాలో వుండేవి. తనిఖీ జరిగే నాడు బల్లమీదికి వచ్చేవి. మరునాడు మరల తాళం పడేది. అవి పాడు కాలేదు. వాటివల్ల ఎవరూ బాగుపడనూ లేదు.

నేడు ఆ భయానికి తావు లేదు. ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో 2005లో మసీమో బాంజీ, ఆయన సహచరులు ఆర్డ్యూయినో అనే చిన్న బోర్డును రూపొందించారు. అది ఇంజనీర్ల కోసం కాక, ఎలక్ట్రానిక్స్ ఎరుగని డిజైన్ విద్యార్థుల కోసం పుట్టినది. దాని ‘ఊనో’ రకంలో వుండే ఏటీమెగా 328పి అనే మైక్రోకంట్రోలర్ చిప్‌కు 28 కాళ్లు, మన ఆదేశాలను దాచుకొనేందుకు 32 కిలోబైట్ల చోటు వున్నాయి. దానిపై 10,000 సార్ల వరకు చెరిపి వ్రాయవచ్చు. మన చిన్ననాటి పలక వంటిదన్నమాట! మన దేశంలోనూ సి-డాక్ సంస్థ వేగా ప్రాసెసర్లతో ‘ఏరీస్’ అనే ఇటువంటి బోర్డులనే తయారుచేసింది.

పలకపై ‘అ’ దిద్దినట్లు, ఇక్కడ తొలిపాఠం ఒక ఎల్‌ఇడి దీపాన్ని వెలిగించి ఆర్పటం. 5 వోల్టులలో ఎర్ర దీపం సుమారు 2 వోల్టులు తీసుకొంటే మిగిలేది 3. మధ్యలో 220 ఓముల రెసిస్టర్ వుంచితే 14 మిల్లీ ఆంపియర్లకు మించి ప్రవహించదు. పరీక్ష కోసం వల్లించిన ఓం నియమం అప్పుడు కళ్లయెదుట వెలుగుతుంది.

మరి దీనివల్ల ప్రయోజనమేమి? మేడమీది నీళ్లట్యాంకు నిండి, నీరు వృథాగా పొర్లిపోవటం మనం చూస్తూనే వున్నాం. ట్యాంకు అంచు దగ్గర రెండు తీగలు వ్రేలాడదీస్తే, నీరు తాకగానే చిప్ గంట మ్రోగించగలదు. తీగలలో ఎల్లవేళలా విద్యుత్తు ప్రవహిస్తే అవి త్వరగా క్షయిస్తాయి. కనుక నిమిషానికొకసారి మాత్రమే చూడమని దానికి చెప్పవచ్చు. ఈ చిన్న ఉపాయం తట్టిన విద్యార్థి, అంగడిలో కొన్న ప్రాజెక్టుకు తన పేరు తగిలించుకొనే విద్యార్థికంటె ఎంతో ముందున్నట్లే. ఆ కొనుగోలు దురాచారానికి అసలు మందు మందలింపు కాదు; స్వయంగా చేసే అవకాశం.

ఇంగ్లీషు రానివారికి ఇది సాధ్యమా అన్న శంక సహజం. శ్రీకాకుళం ప్రాంతాన 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పదలచి ముందుగా తామే సవరభాష నేర్చుకొన్నారు. నేర్చేవాని భాషలోనికి గురువు దిగిరావాలన్నది ఆయన జీవితం మనకు చెప్పే పాఠం. ఆర్డ్యూయినో ప్రోగ్రాములో ఆదేశాలు ఇంగ్లీషు మాటలే. వాటిలో తొలిమెట్టుకు కావలసినవి పట్టుమని పాతిక లేవు. పైగా, రెండు ఏటవాలు గీతల తరువాత ఆ వరుసలో ఏమి వ్రాసినా యంత్రం పట్టించుకోదు. ఆ చోటు మనిషి కోసం విడిచినది. అక్కడ మన పిల్లలు తెలుగులోనో, ఉర్దూలోనో తమ ఆలోచనను వ్రాసుకొందురుగాక!

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఒక డజను బోర్డులు కొని, వాటిని గ్రంథాలయంలో పుస్తకాలవలె కార్డుపై ఇంటికి ఇవ్వండి. చిప్‌ను ఊడదీసి మార్చగలిగే రకాన్నే ఎన్నుకోండి. ఒకటి కాలినా బోర్డు మిగులుతుంది. కాలిన చిప్‌కు జరిమానా వద్దు. అది ఎలా కాలినదో ఒక పేజీ వ్రాయించండి. ఇంటి కరెంటు జోలికి పోక, 5 వోల్టులకే పరిమితం కావాలన్న ఒక్క నియమం మాత్రం కఠినంగా పాటించండి. తొలిపాఠాలను తెలుగులోనికి తెచ్చే బాధ్యత మాది. ఉర్దూ శాఖ మిత్రులు తమ వంతు చేయకపోరు.

విద్యార్థులారా, మీరూ అడగండి. అడగనిదే ఏ బీరువా తాళమూ తెరచుకోదు.