గొలుసు పట్టినవాని కూలి ఎవరిది?

మన పల్లెలలో గెట్టు తగవు నెరుగనివారు లేరు. ఇద్దరు రైతుల నడుమ గెట్టు ఎటు జరిగినదో తేల్చుటకు సర్వేయరు గొలుసు పట్టుకొని వచ్చును. వాని కూలియు, భోజనమును, బండి బాడుగయు ఒక్క పక్షమువాడే రహస్యముగా నిచ్చెనని తెలిసినచో, గొలుసు ఎంత సరియైనదైనను ఆ కొలతను ఊరివారు ఒప్పుకొందురా? అక్షరము రాని రైతునకు సయితము తెలిసిన ఈ న్యాయము లోకములోని గొప్ప విద్యాపీఠములకును ప్రభుత్వములకును పట్టకుండుట వింత.

భూమి వేడెక్కుచున్నదనియు, బొగ్గును చమురును మండించుటచే వెలువడు బొగ్గుపులుసు వాయువే దానికి ముఖ్యకారణమనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఇది నిన్నటి మాట కాదు. ఆ వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని స్వీడన్ దేశీయుడగు అర్హీనియస్ 1896లోనే లెక్క గట్టెను. అయినను "ఇంకను సందేహమున్నది, తొందరపడవలదు" అను కేక ముప్పది యేండ్లకు పైగా వినవచ్చుచునే యున్నది. ఈ కేక వేయువారికి కూలి యెవరిచ్చుచున్నారు?

అమెరికాలోని ఎక్సాన్ చమురు కంపెనీని చూడుడు. 1977లో ఆ కంపెనీ శాస్త్రజ్ఞుడే యగు జేమ్స్ బ్లాక్ ఈ యపాయమును తన యజమానులకు విన్నవించెను. పిమ్మట ఆ కంపెనీ శాస్త్రజ్ఞులు వేసిన అంచనాలలో పెక్కింటిని కాలము నిజము చేసినదని 2023లో పరిశోధకులు నిరూపించిరి. లోపల దీపము పెట్టుకొని లెక్క చూచుకొనిన వారే వీధిలో చీకటి నమ్మిరి! 1989లో చమురు, బొగ్గు, మోటారు కంపెనీలు 'గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్' అను కూటమిగా నేర్పడి 2002 వఱకు సందేహప్రచారము సాగించినవి. మానవుని వలన భూమి వేడెక్కుననుటకు గల శాస్త్రాధారమును కాదనుటకు వీలులేదని ఆ కూటమి సలహాదారులగు శాస్త్రజ్ఞులే 1995లో తమలో తాము వ్రాసికొనియుండిరి.

విల్లీ సూన్ అను నతడు భూమి వేడిమికి సూర్యుడే ప్రధానకారణమని వాదించిన శాస్త్రజ్ఞుడు. బొగ్గు, చమురు వ్యాపారములతో సంబంధముగల వారినుండి అతని పరిశోధనలకు 12 లక్షల డాలర్లకు పైగా ముట్టినదని 2015లో పత్రములు బయల్పడినవి. 2008 తరువాతి వ్యాసములలో కనీసము పదునొకండింట ఈ సంగతి వెల్లడింపబడలేదు. దాతలతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరములలో శాస్త్రవ్యాసములను అప్పగింపవలసిన సరకుగా పేర్కొనియుండిరి! ధనాశతో తాను పరిశోధన చేయలేదని సూన్ బదులు చెప్పెను. కావచ్చును. కాని తీర్పు చెప్పవలసినవారు లోకులు. వారికి కూలి సంగతి దాచుట యెందులకు?

ధనము పుచ్చుకొనిన ప్రతివాడును అసత్యమాడునని మేమనము. కాలిఫోర్నియాలో రిచర్డ్ ముల్లర్ అను ఆచార్యుడు ఇట్టి సందేహములతోనే పని ప్రారంభించెను. చమురు వ్యాపారులగు కోక్ కుటుంబపు ధర్మసంస్థ అతని పనికి లక్షన్నర డాలర్లిచ్చెను. దాతల పేర్లను అతడు దాచలేదు. తుదకు భూమి వేడెక్కుట నిజమనియు, దాదాపుగా అదంతయు మానవుని చేతనే యనియు 2012లో ప్రకటించెను. కావున దోషము ధనమునందుకంటె దాపరికమునం దెక్కువగా నున్నది.

ఈ దాపరికపు వెలను చెల్లించుచున్న దెవరు? పాలమూరు వలసకూలీ, నల్లగొండ మెట్టరైతు. 2009లో దేశమంతట అనావృష్టి; ఆ యేటనే అక్టోబరులో తుంగభద్రాకృష్ణలు పొంగి కర్నూలును, ఈవలి గట్టున అలంపురమును ముంచినవి. 2015 మే నెల వడగాడ్పులకు ఉభయ తెలుగు రాష్ట్రములలో సుమారు రెండువేలమంది మరణించిరి. ఏ యొక్క వరదనో ఎత్తిచూపి అది భూతాపఫలమే యని మేము ప్రమాణము చేయము. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కిన నూటికి 7 వంతులు హెచ్చుగా నీటియావిరిని నిలుపునను సంగతి స్థిరపడినది. కురిసిన కుండపోత, లేకున్న బెట్ట. చెరువుల కింద బ్రతుకు మనకు రెండును ఆపదలే. నేటివఱకు ఆకాశమున కెక్కిన బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవ వంతు అమెరికాది. భారతదేశము వంతు నూటికి 3 మాత్రమే. తిన్నది యొకరు, కట్టుచున్నది మరియొకరు!

అయితే పరుల దోషమును జాటి మనము ఊరకుండరాదు. మన యింటను గొలుసు పట్టినవాని కూలి సంగతి యిట్లే యున్నది. 2006 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి, ఏ కర్మాగారము వలన గాలికి, నీటికి ఎంత చెరుపు కలుగునో విచారించి నివేదిక వ్రాయు నిపుణులను ఆ కర్మాగారమును పెట్టదలచినవారే కుదుర్చుకొని కూలి యిత్తురు. నల్లగొండ జిల్లా దామరచర్లయందు 4000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు విద్యుత్కేంద్రమునకు 2017లో అనుమతి లభించెను. 2022లో జాతీయ హరిత న్యాయపీఠము ఆ అనుమతిని నిలిపి, అదనపు పరిశీలనలు జరుపవలసినదని ఆదేశించెను. ఆ పిమ్మట మరల అనుమతి లభించి, 2024 డిసెంబరులో ఒక యంత్రము ప్రారంభింపబడెను. నివేదిక వ్రాసినవారు అసత్యమాడిరని మా యభియోగము కాదు. విద్యుత్తు మనకు వలదనియు మేమనము. ఇది ప్రభుత్వపు సంస్థయే కదా యందురేమో! యజమాని ప్రభుత్వమైనను, వ్యాపారియైనను, తన పొలమును కొలుచువానికి తానే కూలి యిచ్చుట న్యాయము కాదు.

మేము కోరునవి రెండు. నివేదిక వ్రాయు నిపుణుని కూలిని దరఖాస్తుదారు ప్రభుత్వ నిధికి చెల్లింపవలెను. నిపుణుని ఎన్నిక అతనితో సంబంధములేని మండలి చేయవలెను. శీతోష్ణస్థితిని గూర్చి సభలో గాని పత్రికలో గాని మాటలాడు ప్రతి పండితుడును తనకు ధనమిచ్చువారి పేర్లు ముందుగా చెప్పవలెను. చట్టము వచ్చువఱకు ప్రజాభిప్రాయసేకరణ సభలలో మన పఠనమందిరములవారు లేచి ఒక్క ప్రశ్న వేయుదురుగాక: "అయ్యా, తమ కూలి యెవరిది?" నిజాయితీగల పండితునకు ఈ ప్రశ్న వలన నష్టము లేదు. ఉలికిపడినవానిని గుర్తుపట్టుట మన ప్రజలకు కష్టము కాదు.