సైకిలుకి కంప్యూటరా?!

ఆదివారం పొద్దున్నే సైకిలు తుడుచుకుంటూ మావారు, ‘‘ముప్ఫై రెండు వేలేనట’’ అన్నారు. ఏమిటా అని చూస్తే... హ్యాండిల్‌ మీద బిగించుకునే జీపీఎస్‌ కంప్యూటర్‌. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటుందంతే. సైకిలు కొన్నదేమో నలభై వేలకి! చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే కాబోలు అనుకున్నాను. అయినా ‘వద్దు’ అనలేకపోయాను. ఎందుకంటే, అలాంటిదొకటి కొనమని మొదట అడిగింది నేనే.

కిందటి చలికాలం ఆయన 200 కిలోమీటర్ల ‘బ్రెవే’కి వెళ్లారు. అది పందెం కాదు. గెలిచేవాళ్లూ ఓడేవాళ్లూ ఉండరు. పదమూడున్నర గంటల్లో పూర్తిచేస్తే చాలు. ఉదయం ఆరింటికి బయల్దేరారు కాబట్టి రాత్రి ఏడున్నరకల్లా వచ్చేయాలి. దారి తెలియడానికి ఫోన్‌ని హ్యాండిల్‌కి తగిలించి మ్యాప్‌ పెట్టుకున్నారు. ఎండలో కనపడాలని వెలుతురు పూర్తిగా పెంచారు. ఇంకేముంది... మూడింటికల్లా ఛార్జింగ్‌ అయిపోయింది. ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? ఏడున్నర, ఎనిమిది, ఎనిమిదిన్నర... ఎన్నిసార్లు చేసినా స్విచ్ఛాఫ్‌. హైవే, చీకటి, లారీలు. అత్తయ్య దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. తొమ్మిదింటికి ఇల్లు చేరారు. రెండు పంక్చర్లట! మర్నాడు ఒక్కటే చెప్పాను. ‘‘ఫోను మాట్లాడ్డానికి ఉంచండి. దారి చూపించడానికి ఇంకేదైనా కొనుక్కోండి’’ అని.

కొనుక్కోండి అన్నాను గానీ ముప్ఫై రెండు వేలని అనలేదుగా! అందుకే ‘ఏడు వేలు దాటకూడదు, షాపుకి నేనూ వస్తాను’ అని షరతు పెట్టాను.

షాపులో నేనడిగిన మొదటి ప్రశ్న, ‘‘మావారు ఎక్కడున్నారో ఇది నాకు చెబుతుందా?’’ ‘‘ఎందుకు చెప్పదు మేడమ్‌, జీపీఎస్‌ కదా!’’ అన్నాడా కుర్రాడు. ఇంటికొచ్చి చదివితే అది సగమే నిజమని తెలిసింది. ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సంకేతాలు పంపిస్తుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మనమెక్కడ ఉన్నామో ఈ పెట్టె లెక్క కట్టుకుంటుంది. అంటే ఇది వింటుందే తప్ప మాట్లాడదు. మనింట్లో రేడియో వార్తలు వినిపిస్తుంది కానీ మన కబురు ఆకాశవాణికి చేరవేయదు కదా... ఇదీ అంతే. ‘లైవ్‌ ట్రాకింగ్‌ ఉంది’ అని రాసున్న చవక రకాలు కూడా ఆ పని జేబులోని ఫోన్‌ ద్వారానే చేస్తాయి. ఫోన్‌ చచ్చిపోతే అదీ చచ్చిపోయినట్టే!

మరి దేన్ని చూసి కొనాలి? ముందు మన అవసరాన్ని చూసుకోవాలి. కాలనీలో అరగంట తొక్కి వచ్చేవాళ్లకి అసలు జీపీఎస్సే అక్కర్లేదు. చక్రం ఊచకి అయస్కాంతం బిగిస్తే, ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం, దూరం చూపే మీటర్లు వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. కాకపోతే చక్రం చుట్టుకొలత సరిగా ఇవ్వాలి. 700x25 టైరుకి 2,105 మిల్లీమీటర్లు ఇవ్వాల్సిన చోట పొరపాటున 2,055 ఇచ్చారనుకోండి... 200 కిలోమీటర్లు తొక్కితే 195 అనే చూపిస్తుంది. జీపీఎస్‌కి ఈ బాధ లేదు. చెట్ల కిందా, ఎత్తయిన భవనాల మధ్యా కాస్త తడబడుతుందంతే.

దూరాలు వెళ్లేవాళ్లు మొదట చూడాల్సింది బ్యాటరీ. పద్నాలుగు గంటల ప్రయాణానికి పెట్టె మీద ఇరవై అయినా రాసి ఉండాలి. రాత్రి లైటు వేస్తే అందులోంచి కొంత తగ్గుతుంది మరి. ఆ తర్వాత తెర. రంగుల తెర చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మన ఎండలకి నలుపు తెలుపు తెరే మేలు. ఎండ పడేకొద్దీ అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. వానకి తడవకుండా ఉండాలంటే ‘ఐపీఎక్స్‌7’ అని ఉందో లేదో చూడండి. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవదని దానర్థం.

దారి చూపడంలోనూ తేడాలున్నాయి. కొన్ని అసలు చూపవు. మధ్యరకం వాటిలో ముందుగా దారి ఎక్కించుకుంటే ఖాళీ తెర మీద ఒక గీత, దానిమీద మన బాణం గుర్తు కనిపిస్తాయి. గీత తప్పితే తప్పామని తెలుస్తుంది. పూర్తి మ్యాప్‌ ఉండి, తప్పిన చోట నుంచి కొత్తదారి కూడా చెప్పేవి ఖరీదైనవి. నిర్వాహకులు ముందే దారి ఇచ్చే బ్రెవేలకి గీత చాలు.

ఎక్కిన ఎత్తు తెలుసుకోవాలనుకునేవాళ్లు ‘బారోమీటర్‌’ ఉన్నది తీసుకోవాలి. ఎత్తు విషయంలో జీపీఎస్‌ లెక్క అంత నమ్మకమైంది కాదు. గాలి ఒత్తిడిని బట్టి చెప్పే లెక్కే మెరుగు. అరకు ఘాట్‌ ఎక్కేవాళ్లకి ఇది కావాలి కానీ కోనసీమలో తొక్కేవాళ్లకి దీంతో పనేముంది! గుండె వేగం, తొక్కుడు వేగం చెప్పే సెన్సర్లు కూడా అంతే. ‘యాంట్‌ప్లస్‌’, ‘బ్లూటూత్‌’ రెండూ ఉన్న పెట్టె తీసుకుంటే అవి తర్వాత నిదానంగా కొనుక్కోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం... పాడైతే ఎవరు బాగుచేస్తారో, వారంటీ మనదేశంలో చెల్లుతుందో లేదో బిల్లు కట్టకముందే అడగండి.

ఇవన్నీ చూసుకుంటే గార్మిన్‌, వహూల్లాంటి పెద్ద రకాలు మా లెక్కలో లేకుండా పోయాయి. ఐజీపీస్పోర్ట్‌, బ్రైటన్‌ వంటి వాటిలోని చిన్న రకాలు మిగిలాయి. చివరికి ఆరు వేల చిల్లరలో ఒకటి తీసుకున్నాం. మొదటి వారం ‘రంగులుంటే బాగుండేది’ అని సణిగారు గానీ ఇప్పుడు ఆ మాటే లేదు.

కిందటి నెల మళ్లీ 200 కిలోమీటర్లకి వెళ్లారు. దారి చూపే పని చిన్న పెట్టెది. ఫోన్‌ తెర ఆపేసి జేబులో ఉంది. వాట్సాప్‌లో లైవ్‌ లొకేషన్‌ ఒకసారి పంపితే ఎనిమిది గంటలే ఉంటుంది. ఆరింటికి పంపింది రెండింటికి ఆగిపోతుందన్నమాట. అందుకని భోజనానికి ఆగినప్పుడు మళ్లీ పంపాలని ముందే అనుకున్నాం. ఒంటిగంటన్నరకి ఫోన్‌ వచ్చింది. ‘‘లొకేషన్‌ పంపాను. చూశావా?’’ అన్నారు. చూశాను. అత్తయ్యకీ చూపించాను.

ఆ రోజు మేమిద్దరం కూడా వేళకి అన్నం తిన్నాం!