సంగీత పేటిక – సాధించే బుద్ధి

యంత్రమన్న మాట వినగానే మనలో సాధారణంగా రెండు భావాలు కలుగుతవి. ఒకటి భయం, రెండవది భక్తి. భయపడేవాడు యంత్రం దరికి పోడు. భక్తి గలవాడు దానిని కొని తెచ్చి, గుడ్డ కప్పి, చెడిపోయిననాడు బజారుకు మోసుకొనిపోతాడు. ఈ రెంటికీ భిన్నమైన మూడవ మార్గం ఒకటున్నది. అది పరిచయం. యంత్రాన్ని విప్పి చూచి, స్వహస్తాలతో అమర్చి, అది మొరాయించినప్పుడు కారణాన్ని ఓపికగా అన్వేషించే మార్గమది. ఈ మార్గానికి మన కళాశాలల్లో చోటు కల్పించవలెననేదే ఈ వ్యాసంలోని ప్రతిపాదన. అందుకు నేను ఎన్నుకొన్న ఉదాహరణ, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరుతో తయారయ్యే సంగీత పేటిక.

తనంతట తాను పాడే యంత్రం మానవుని ప్రాచీన స్వప్నాలలో ఒకటి. 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరాన బనూ మూసా సోదరులు ముగ్గురు నీటిబలంతో స్వయంగా మ్రోగే వాద్యాన్ని వర్ణించారు. అల్ జజరీ 1206లో పూర్తిచేసిన యంత్రశాస్త్ర గ్రంథంలో పడవపై కూర్చొని వాద్యాలు మ్రోగించే బొమ్మలున్నవి. ఆ గ్రంథం గొప్పతనం బొమ్మలు వాయించుటలో లేదు. ఏ భాగాన్ని ఎట్లు చేయవలెనో, దేనిని దేనికి బిగించవలెనో పటాలతో సహా వివరించుటలో ఉన్నది. వింతను చూపి చప్పట్లు కొట్టించుకొనేవాడు గారడీవాడు. వింత వెనుక ఉన్న కిటుకును విప్పి చెప్పేవాడు గురువు. అల్ జజరీ రెండవ కోవకు చెందినవాడు. ఆ వారసత్వాన్ని సభల్లో స్మరించి ఊరుకొనుట కంటె చేతలలో కొనసాగించుట మేలు.

ఇక మన పేటిక విషయానికి వత్తాము. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరం నుండి రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటరు వెలువడినది. దాని నాటి వెల 35 డాలర్లు. విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం చదువవచ్చే విద్యార్థులకు చేతిపని అనుభవం సన్నగిల్లుతున్నదని గమనించిన ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. గణించే భాగం, జ్ఞాపకశక్తి, తీగలు తగిలించే సాకెట్లు అన్నీ ఒకే పలకపై ఉంటవి. కావుననే దీనిని ఒంటిపలక కంప్యూటరు అనవచ్చును. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు దేశపు విద్యార్థి ఆరంభించిన లినక్సు దీనికి ప్రాణం. ఆ లినక్సుపై 2003 నుండి ఎంపీడీ అనే సంగీత కార్యక్రమం నడుస్తున్నది. వోల్యూమియో, మూడ్ వంటి సిద్ధ సంకలనాలు దానిని ఆధారం చేసికొనే వచ్చినవి. ఇవన్నీ ఉచితంగా లభించేవే.

అమరిక కష్టమైనది కాదు. మరొక కంప్యూటరు సాయంతో ఈ సంకలనాన్ని చిన్న మెమరీ కార్డుపై వ్రాసి, కార్డును పలకలో దూర్చి, విద్యుత్తు నివ్వవలెను. పాటలను కార్డులోగాని, పెన్‌డ్రైవులోగాని ఉంచి, జాబితాను నవీకరించుకొమ్మని ఆజ్ఞాపించవలెను. ఆపై అదే వై-ఫైలో ఉన్న ఏ సెల్‌ఫోను బ్రౌజరు నుండి అయినను పాటను ఎన్నుకోవచ్చును. 128 కిలోబిట్ల ఎంపీ3 పాటలైతే 32 గిగాబైట్ల కార్డులో కొన్ని వందల గంటల సంగీతం పట్టును.

అసలు విద్య పేటిక పలుకనప్పుడు మొదలవుతుంది. మన తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకాలని రెండు మాటలున్నవి. ఒకటి ఉన్నచోట మరొకటి ఉండుట అన్వయం. అది లేనిచోట ఇది లేకుండుట వ్యతిరేకం. యంత్రదోషాన్ని పట్టుకొనుటకు ఇంతకు మించిన ఆయుధం లేదు. శబ్దం ప్రయాణించే దారిని మొదట కాగితంపై వ్రాసుకోవలెను. విద్యుత్తు, కార్డు, లినక్సు, సంగీత కార్యక్రమం, ధ్వని పరికరం, ఆంప్లిఫయరు, స్పీకరు అనేవి దారిలోని మజిలీలు. ఒక్కొక్క మజిలీ వద్ద ఆగి, ఇక్కడివరకు బాగున్నదా అని ప్రశ్నించవలెను. ఒకేసారి రెండు మార్పులు చేసినవాడు, పేటిక బాగుపడినను ఎందువలన బాగుపడినదో చెప్పలేడు.

మొదటి మజిలీ విద్యుత్తు. ఈ పలకకు 5 వోల్టులు కావలెను. నాలుగవ తరం పలకకు 3 ఆంపియర్లు ఇవ్వగల ఆధారం అవసరం. ఇంట్లో పడియున్న సెల్‌ఫోను ఛార్జరు, సన్నని తీగ తగిలించిన యెడల వోల్టేజి పడిపోతుంది. 4.63 వోల్టులకు దిగువన పలక హెచ్చరిక చేస్తుంది. తెర ఉన్నచో మెరుపు గుర్తు కనుపిస్తుంది. తెరలేని పేటిక మాత్రం పాట మధ్యలో తడబడుతుంది, లేదా తనంతట తానే ఆగి మరల మొదలవుతుంది. అపుడు చాలామంది పాటల ఫైళ్లను అనుమానిస్తారు. పునాది కుంగితే గోడకు సున్నం వేసి ప్రయోజనమేమి?

రెండవది కార్డు. సముద్రతీరమైన అల్లవరం మండలం వంటి చోట కరెంటు కోత కొత్త సంగతి కాదు. 1996 నవంబరు 6 నాటి తుపానును ఎరిగిన కోనసీమకు దీనిని వివరించనక్కరలేదు. కార్డుపై వ్రాత జరుగుచున్న సమయంలో కరెంటు పోయిన యెడల లెక్కలు తారుమారై, మరునాడు పేటిక మేల్కొనదు. దీనికి విరుగుడు, అమరిక పూర్తికాగానే కార్డును చదువుటకే గాని వ్రాయుటకు వీలులేని స్థితిలో ఉంచుట. ఆ సదుపాయం లినక్సులో ఉన్నది. మరొక శత్రువు ఉప్పుగాలి. తేమ తగిలి సాకెట్ల లోహపు అంచులు నల్లబడితే చిటపటలు వినవస్తవి. కరెంటు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడిచిన చాలును.

మూడవది దారి తప్పిన ధ్వని. కార్యక్రమం పాడుచున్నట్లే చూపును; చెవికి మాత్రం ఏమీ వినబడదు. నాలుగవ తరం పలకకు టీవీకి పోయే దారులు రెండు, హెడ్‌ఫోన్ సాకెట్టు ఒకటి ఉన్నవి. స్పీకరు సాకెట్టుకు తగిలించి, ధ్వనిని టీవీ దారికి పంపుచున్న యెడల మౌనమే ఫలితం. 2023లో వచ్చిన ఐదవ తరం పలకకు హెడ్‌ఫోన్ సాకెట్టే లేదు. దానికి ప్రత్యేక ధ్వని పరికరం కొనవలసినదే. దానిని తగిలించుట మాత్రమే చాలదు. అమరికల ఫైలులో దాని పేరు కూడ వ్రాయవలెను.

నాలుగవది హోరు. పాట వెనుక సన్నని గుయ్యిమనే ధ్వని 50 హెర్ట్జుల విద్యుత్తు నుండి పుట్టవచ్చును. ఇచట అన్వయ వ్యతిరేకాలను ప్రయోగించండి. పేటికను గోడ కరెంటు నుండి తప్పించి పవర్‌బ్యాంకుపై నడిపించండి. హోరు మాయమైనదా? దోషం రెండు కరెంటు ఆధారాల భూతీగల నడుమ ఏర్పడిన వలయంలో ఉన్నది. హోరు అట్లే ఉన్నదా? దోషం ఆంప్లిఫయరులోనో, ధ్వని తీగలోనో వెదుకవలెను. పైసా ఖర్చులేని ఒక్క పరీక్షతో సగం సందేహాలు తొలగిపోయినవి.

ఐదవది గడియారం. ఈ పలకలలో చాలవాటికి బ్యాటరీ గడియారం లేదు. ఇంటర్నెట్టును అడిగి కాలం తెలుసుకొంటవి. ప్రతిదినం ఉదయం 6 గంటలకు పాడవలెనని ఏర్పాటు చేసి, ఇంటర్నెట్టు లేని రాత్రి కరెంటు పోయి వచ్చిన యెడల, పేటిక తన కాలంలో తాను జీవిస్తుంది. చిన్న గడియారపు పరికరం ఒకటి తగిలించిన ఈ చిక్కు తీరును.

మన వంటి కళాశాలకు ప్రత్యేకమైన ఆరవ చిక్కు లిపి. ఈ సంచికలో వలెనే మన పేటికలో తెలుగు, ఉర్దూ రెండును కలిసి ఉండవలెను. ఒకటి ఎడమ నుండి కుడికి, మరొకటి కుడి నుండి ఎడమకు నడుస్తుంది. 1991 నాటి మొదటి యూనికోడులోనే తెలుగుకు స్థానం లభించినది. ఫైళ్ల పేర్లు యూనికోడులో ఉండి, లినక్సు భాషా అమరిక కూడ అందుకు తగినట్లుండవలెను. లేని యెడల పేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటవి. పాత తెలుగు ఫాంట్లతో వ్రాసిన పేర్లు అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా కనుపిస్తవి. వాటిని మార్చి వ్రాయక తప్పదు. పేటికకు బిగించే చిన్న తెరలు తరచు మన ఒత్తులను కూర్చలేవు. కావున పేర్లను ఫోను తెరపై చూచుకొనుటే ఉత్తమం. తన భాషలో తన పాట పేరు చదువుకొనే హక్కును ఏ యంత్రమూ తనంతట తానుగా ఇవ్వదు. అడిగి, అమర్చి సాధించుకోవలెను.

ఇంత శ్రమ ఎందుకు, ఫోనులో అన్నీ దొరుకుచున్నవి కదా అని కొందరు ప్రశ్నింపవచ్చును. దొరుకుట వేరు, ఉండుట వేరు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడినది. వింక్ మ్యూజిక్ 2024లో మూతపడినది. వాటిలో కూర్చుకొన్న జాబితాలను వేరొక చోటికి మోసుకొనిపోవలసిన పని శ్రోతపై పడినది. అద్దె ఇంటిలో గోడకు మేకు కొట్టుటకు కూడ యజమాని అనుమతి కావలెను. సొంత పేటికలోని పాట ఇంటర్నెట్టు లేని రాత్రి కూడ పలుకుతుంది.

అంతకు మించిన కారణం మరొకటున్నది. ఆ అద్దె ఇండ్లలో మన గొంతులు ఎన్ని ఉన్నవి? సినిమా పాట ఎక్కడనైనా దొరుకుతుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో మన కోనసీమలోని శంకరగుప్తంలో జన్మించారు. వారి గానం లోకమంతట ఉన్నది. కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వరం, పొన్నెకల్లులో 1920లో జన్మించిన షేక్ నాజర్ బుర్రకథ కూడ వెదికిన లభిస్తవి. కాని పీర్ల పండుగనాడు పల్లెల్లో హిందువులు, ముస్లిములు కలిసి పాడే తెలుగు పాటలు, పెండ్లిళ్లలో మన పెద్దమ్మలు ఢోలక్‌పై పాడిన పాటలు, వృద్ధులైన మాస్టర్లు చదివిన షాయిరీ ఏ కంపెనీ జాబితాలో ఉన్నవి? అవి ఇంకను ఎవరి బీరువాలోనో క్యాసెట్లలో ఉన్నవి. క్యాసెట్టు అనగా ప్లాస్టిక్కు పట్టీపై అయస్కాంతపు పూత. తేమకు ఆ పూత రాలిపోతుంది, బూజు పడుతుంది. కోనసీమ గాలి వాటి కొరకు ఆగదు.

ఈ పలకకు ధ్వనిని లోనికి తీసికొనే ద్వారం లేదు. కాని యూఎస్‌బీ ధ్వని పరికరం ఒకటి చేర్చి, పాత టేప్ రికార్డరును దానికి కలిపిన యెడల 60 నిమిషాల క్యాసెట్టు 60 నిమిషాలలో భద్రమవుతుంది. కుదించని ప్రతి సుమారు 635 మెగాబైట్లు. పాడినవారి పేరు, ఊరు, సందర్భం తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ఉంచవలెను. రెండు ప్రతులు రెండు వేర్వేరు చోట్ల దాచవలెను. ఇండ్లలో పాడిన పాటలకు కుటుంబాల అనుమతి తప్పనిసరి. అచ్చయిన రికార్డులకు 1957 కాపీరైటు చట్టం వర్తిస్తుంది. ధ్వనిముద్రణకు ప్రచురణ మరుసటి సంవత్సరం మొదలు 60 ఏండ్ల రక్షణ ఉన్నది. సేవ పేరిట చౌర్యం తగదు.

సంగీతం విషయమై మన సమాజంలో అభిప్రాయభేదాలున్న సంగతి నేనెరుగుదును. వానిని తీర్చుటకు నేను అర్హుడను కాను, ఇది అందుకు వేదికయు కాదు. వాద్యాలు వద్దన్నవారు వాటిని చేర్చనక్కరలేదు. నాత్, పద్యపఠనం, పెద్దల ఉపన్యాసాలు, ఉర్దూ ఉచ్చారణ పాఠాలు ఈ పేటికలో ఇమిడిపోతవి. పేటిక మనం ఇచ్చినదానిని మాత్రమే పలుకుతుంది. బజారులోని పరికరానికి లేని సుగుణం ఇదే.

మరొక ఆక్షేపణ, ఇది సైన్సు విద్యార్థుల పని, తెలుగు ఉపన్యాసకునికి ఏమి సంబంధం అనేది. కారణాన్ని వెదకుట ఏ ఒక్క శాఖ సొత్తు కాదు. పద్యంలో గణం తప్పిన చోటును పట్టుకొనే విద్యార్థి మొదటి పాదం నుండి లెక్కించుకొంటూ వస్తాడు. పేటిక మూగవోయిన చోటును పట్టుకొనే విధానమూ అదే. భాష తెలిసినవాడు పేర్లు సరిచూడవలెను, చరిత్ర తెలిసినవాడు పాటల కాలం నిర్ణయించవలెను, భౌతికశాస్త్రం తెలిసినవాడు హోరును అణచవలెను. బాలికలకు ఇందులో సమాన భాగం ఉండవలెను. పెద్దమ్మల పాటల వద్దకు పోగలిగినది వారే.

కావున నా సూచన స్పష్టం. కళాశాల గ్రంథాలయంలో ఒక పేటికను విద్యార్థులే అమర్చవలెను. ప్రక్కన ఒక నోటు పుస్తకం ఉంచవలెను. పేటిక మొరాయించిన ప్రతిసారి ఏమి జరిగినది, ఏమి పరీక్షించితిమి, ఏమి తేలినది అని తేదీతో వ్రాయవలెను. ముందు తరగతి విడిచిపోయిన ఆ పుస్తకమే తరువాతి తరగతికి గురువు. సెలవులకు ఇండ్లకు పోయే ప్రతి విద్యార్థి అమ్మమ్మనో, నానీనో అడిగి ఒక్క క్యాసెట్టు తెచ్చిన యెడల, మన పేటికకు పలుకుటకు కావలసినంత ఉండును. ఈ వేసవి సెలవులలోనే ఆ పని ఆరంభించవలెనని కోరుచున్నాను. వచ్చే వర్షకాలపు తేమకు మన అనుమతితో పనిలేదు.